పిడికిలి కింద నార దారం

న్యూజెర్సీలోని ఎడిసన్‌లో మనవాళ్లు బేస్‌మెంట్ బాగు చేయించుకుంటే ఒక మూల హోమ్ థియేటర్, ఇంకో మూల పూల్ టేబుల్ చేరడం మామూలే. టేబుల్‌తో వచ్చిన కర్రలతో కొన్నాళ్లు ఆడాక సొంత క్యూ కర్ర కొనాలనిపిస్తుంది. అప్పుడు ఎదురయ్యే చిక్కు ప్రశ్న: చెయ్యి పట్టే చోట చుట్టు దేనిది కావాలి? నార దారమా, తోలా, నైలానా, చుట్టే లేని నున్నటి చెక్కా?

పూల్ క్యూ సాధారణంగా 58 అంగుళాల పొడవు, 18 నుంచి 21 ఔన్సుల బరువు ఉంటుంది. వెనక సగంలో దాదాపు 12 అంగుళాల మేర ఈ చుట్టు. దీనికి అన్నిటికంటే ఎక్కువగా పేరు తెచ్చుకున్నది ఐరిష్ లినెన్, అంటే అవిసె నారతో పేనిన దారం. ఇక్కడి ఓక్ ట్రీ రోడ్డు కిరాణా కొట్లలో ఆరోగ్యానికి మంచిదని మనం కొనే అవిసె గింజల మొక్క ఇదే. కాడలను గోగు కాడల్లాగే నీళ్లలో నానేసి నార తీస్తారు. ఐర్లండ్‌లోని లిస్బర్న్ నుంచి వచ్చిన బార్బర్ కుటుంబం 19వ శతాబ్దంలో ఇదే న్యూజెర్సీలోని ప్యాటర్సన్‌లో అవిసె దారం మిల్లు పెట్టింది.

ఈ దారానికి ఒక విచిత్ర గుణం ఉంది. తడిస్తే బలం పెరుగుతుంది. అందుకే ఒకప్పుడు సముద్రంలో పెద్ద చేపలు పట్టే గాలాలకు దీన్నే కట్టేవారు. అయితే పని అయ్యాక ఆరబెట్టకపోతే కుళ్లిపోతుంది. 1938లో డ్యూపాంట్ కంపెనీ నైలాన్‌ను ప్రకటించాక ఆ బాధ తీరిపోయింది, జాలర్లు క్రమంగా నారను వదిలేశారు. క్యూ తయారీదారులు మాత్రం వదల్లేదు. బ్రూక్లిన్‌లో 1959 నుంచి క్యూలు చేసిన జార్జ్ బాలబుష్కా కర్రలకు ఈ నార చుట్టు ఒక గుర్తుగా నిలిచింది. రష్యాలో పుట్టి అమెరికా వచ్చిన ఆ పనివాడు 1975లో పోయాడు. ఆయన చేసిన క్యూల కోసం సేకర్తలు నేటికీ వెతుకుతూనే ఉన్నారు.

చుట్టే పని చూడముచ్చటగా ఉంటుంది. ముందు లేత్ మీద కర్రను తిప్పుతూ దారం మందానికి సరిపడా గాడి తీస్తారు. జిగురు పూసి, దారం కొసను చిన్న రంధ్రంలో బిగించి, కర్ర నెమ్మదిగా తిరుగుతుంటే ఒక వరసను ఆనించి ఇంకో వరస వేస్తారు. మధ్యలో చెక్క కనిపించకూడదు. ఆఖరి కొసను చివరి వరసల కిందనుంచి లాగి దాచేస్తారు. తర్వాత తడిపి, తిరుగుతున్న దారాన్ని నునుపైన గాజు కడ్డీతో గట్టిగా ఒత్తుతారు. గరుకంతా అణిగి, తెల్లటి దారంలో నల్లని, ఆకుపచ్చని చుక్కలు మెరుస్తాయి. వేలితో తడిమితే చెక్క ఎక్కడ ఆగిందో, దారం ఎక్కడ మొదలైందో తెలియకూడదు. మంచి పనికి అదే పరీక్ష.

ఇక అసలు సంగతి. అరచెయ్యి వేడికే కాదు, కంగారుకీ చెమట పడుతుంది. జనవరి చలిలో కూడా ఆఖరి బంతి దగ్గర చెయ్యి తడుస్తుంది. కొద్దిపాటి తేమ ఉంటే చర్మానికి పట్టు పెరుగుతుంది, మరీ తడిస్తే జారుతుంది. కనుక చుట్టు చెయ్యాల్సిన పని అదనపు తేమను తీసుకోవడం. మామూలు గాలి తేమలో అవిసె నార తన బరువులో దాదాపు 12 శాతం నీటిని పట్టి ఉంచుతుంది, నైలాన్ 4 శాతం దగ్గరే ఆగిపోతుంది. నైలాన్ చవక, మన్నిక ఎక్కువ. కానీ చెమట చేతికి అది జారుడే. తోలు మెత్తగా, వెచ్చగా ఉంటుంది. చెయ్యి పొడిగా ఉండేవాళ్లకు అంతకంటే హాయి లేదు. ఒత్తిన నార కన్నా దానికి పట్టు ఎక్కువ కావడంతో, కర్రను వేళ్ల మధ్య వదులుగా జారనిచ్చే అలవాటున్నవాళ్లకు అడ్డం పడుతుంది.

చుట్టు మారిస్తే షాట్ మారుతుందని అమ్మేవాళ్లు చెబితే నమ్మకండి. క్యూ కొన, బంతి తాకి ఉండేది సెకనులో వెయ్యో వంతు మాత్రమే. అరచేతి స్పర్శ మెదడుకి చేరేలోపే బంతి వెళ్లిపోయి ఉంటుంది. చుట్టు మేలు చేసేది అంతకుముందే: పట్టు బిగుసుకోకుండా చూస్తుంది, మణికట్టును తేలిగ్గా ఉంచుతుంది.

ఈ ఊరికి పేరైన ఎడిసన్ ఇక్కడి మెన్లో పార్కులో విద్యుత్ బల్బు లోపలి తీగకు పదార్థాలను వెలిగించి చూసే ఎంచుకున్నాడు. 1879 అక్టోబరులో బొగ్గుగా మార్చిన నూలు దారం పనిచేసింది, తర్వాత కాగితం, ఆపైన వెదురు వచ్చాయి. క్యూ కొనేటప్పుడూ అదే పద్ధతి పాటించండి. కొట్లో పట్టుకుని చూస్తే చాలదు, స్నేహితుల క్యూలు అడిగి తీసుకుని చెయ్యి చెమర్చేదాకా ఆడండి. నా మటుకు నా ఓటు బాగా ఒత్తిన నార దారానికే. అది మాసినా, నూగు లేచినా కర్ర పారేయక్కర్లేదు. పాతది విప్పేసి అదే గాడిలో కొత్తది చుట్టించుకోవచ్చు.