అపకేంద్ర విశ్లేషక యంత్రం

అపకేంద్ర విశ్లేషక యంత్రం అనగా రక్తరసం వంటి ద్రవాలను తిరిగే చక్రంలోనే రసాయనాలతో కలిపి, అవి తిరుగుతుండగానే వాటి గుండా కాంతిని పంపి పరీక్షించే పరికరం. ఆంగ్లంలో దీనిని సెంట్రిఫ్యూగల్ అనలైజర్ అంటారు.

నేపథ్యం

రక్తాన్ని గాజు నాళికలో పోసి వేగంగా తిప్పితే బరువైన కణాలు అడుగుకు చేరి, పైన తేట రసం మిగులుతుంది. పాల నుండి మీగడను వేరుచేసే యంత్రంలోనూ ఇదే సూత్రం ఉంది. నాళిక అడుగు ఇరుసుకు 10 సెం.మీ. దూరంలో ఉండి నిమిషానికి 3,000 చుట్లు తిరిగితే, అక్కడ గురుత్వాకర్షణకు సుమారు 1,000 రెట్ల బలం పనిచేస్తుంది. వేగం రెట్టింపైతే బలం నాలుగింతలవుతుంది.

తేట రసంలోని పదార్థాన్ని కొలవడానికి దానికి తగిన రసాయనాన్ని కలిపి, ఆ మిశ్రమం ఎంత కాంతిని పీల్చుకుంటుందో చూస్తారు. బీర్-లాంబర్ట్ నియమం ప్రకారం ఈ శోషణ పదార్థపు గాఢతకు అనులోమానుపాతంలో ఉంటుంది. అయితే ఎంజైముల పరీక్షలో చర్య క్షణక్షణం సాగిపోతూనే ఉంటుంది. నమూనాలను ఒకదాని తరువాత ఒకటిగా కొలిస్తే అన్నిటినీ ఒకే క్షణం నుండి గమనించడం కుదరదు.

పనిచేసే విధానం

1960ల చివరలో అమెరికాలోని ఓక్ రిడ్జ్ జాతీయ ప్రయోగశాలలో నార్మన్ ఆండర్సన్ ఈ చిక్కుకు పరిష్కారం చూపారు. చక్రం మధ్యభాగంలోని గుంటలలో నమూనా, రసాయనం విడివిడిగా ఉంటాయి. చక్రం తిరగగానే రెండూ అంచువైపు తోసుకుపోయి, అక్కడి పారదర్శకమైన గదులలో కలుస్తాయి. అన్ని గదులలోనూ చర్య ఒకేసారి మొదలవుతుంది! గాలి బుడగలు తేలిక గనుక లోపలివైపుకు తొలగిపోతాయి.

దీపం, కాంతిని గుర్తించే సాధనం కదలకుండా ఉంటాయి. గదులే వాటి మధ్యగా వరుసగా సాగిపోతాయి. నిమిషానికి 600 చుట్లు తిరిగే చక్రంలో ప్రతి గదినీ సెకనుకు 10 సార్లు కొలవవచ్చు. ఒక గదిలో నమూనా లేని ద్రవాన్ని ఉంచి ప్రతి చుట్టులోనూ దానితో పోల్చడం వలన దీపపు వెలుగులోని హెచ్చుతగ్గులు ఫలితాన్ని పాడుచేయవు. ఈ యంత్రంలోని అసలు తెలివి ఇదేనని చెప్పవచ్చు.

తరువాతి రూపాలు

ఈ యంత్రంలో ఒక విడతకు ఒకే రకం పరీక్ష జరిగేది. అత్యవసరంగా వచ్చిన ఒక్క నమూనాకు ఇది అనుకూలం కాదు. అందువలన పెద్ద ప్రయోగశాలలలో వేరే రకం స్వయంచాలక యంత్రాలు దీని స్థానాన్ని ఆక్రమించాయి. కానీ ఇదే సూత్రం చిన్న ప్లాస్టిక్ బిళ్ళల రూపంలో మళ్ళీ వచ్చింది. వీటిలో ఒకే రోగి రక్తానికి పలు పరీక్షలు జరుగుతాయి. అబాక్సిస్ సంస్థ తయారుచేసిన పికోలో యంత్రానికి సుమారు 0.1 మి.లీ. రక్తం చాలు. కణాలను వేరుచేయడం, రసాన్ని కొలిచి పలుచన చేయడం, ఎండబెట్టిన రసాయనాలున్న గదులకు చేర్చడం, అన్నీ బిళ్ళలోనే జరుగుతాయి. ఎక్కువ రక్తం తీయరాని పసిపిల్లల విషయంలో ఇంత తక్కువ పరిమాణం ఎంతో మేలు.

పరిమితులు

రక్తం తీసేటప్పుడే ఎర్ర కణాలు చితికితే ఎంత తిప్పినా ప్రయోజనం లేదు. కణాలలోని పొటాషియం, లాక్టేట్ డీహైడ్రోజినేస్ అనే ఎంజైము రసంలోకి కారి, లేని జబ్బును ఉన్నట్లు చూపగలవు. బయటపడిన హిమోగ్లోబిన్ కూడా కాంతిని పీల్చుకుంటుంది. ఈ శోషణ 415 నానోమీటర్ల తరంగదైర్ఘ్యం వద్ద బలంగా ఉంటుంది కాబట్టి, దానిని బట్టి చెడిన నమూనాను పసిగట్టవచ్చు. అప్పుడు మళ్ళీ రక్తం తీయవలసిందే.