పాల పాకెట్ నడక

దిల్‌సుఖ్‌నగర్‌లో నాలుగు షాపులు తిరిగి, బేరమాడి మరీ షూ కొన్నాను. జనవరి ఒకటిన చీకటితోనే విక్టోరియా మెమోరియల్ హోమ్ మైదానానికి వెళ్ళి గంటసేపు ఆగకుండా నడిచాను. రెండోరోజూ అంతే. మూడోరోజు మడమలు నేలకు ఆననివ్వలేదు. ఆపైన సంక్రాంతి పిండివంటలు, చుట్టాలు. ఉగాదికి ఇల్లు దులుపుతుంటే ఆ షూలో సాలీడు కాపురం కనిపించింది.

ఆ ఎండాకాలమే రక్తపరీక్షలో షుగరు 'బోర్డర్‌లో ఉంది' అని తేలింది. మా అమ్మకు ఈ షుగరుతోనే చూపు మందగించింది. పేపరు నేను చదివితే వినేది. ఆ రాత్రి నాకు నిద్రపడితే ఒట్టు.

"మళ్ళీ గంట నడక మొదలెడతానండీ" అన్నాను డాక్టరమ్మతో.

"గంట వద్దమ్మా. పది నిమిషాలు నడవండి. కానీ రోజూ."

పది నిమిషాలా అని లోపల నవ్వుకున్నా. అయినా ఒక ఉపాయం చేశా. పాలు వేసే అబ్బాయిని మాన్పించి, పాకెట్ నేనే తేవడం మొదలెట్టా. పాలు లేనిదే మా ఇంట్లో ఎవరికీ కాఫీ లేదు, ఇక మానడానికి వీలేదీ? చీర మీద షూ ఏమిటని నవ్వేవాళ్ళు నవ్వారు. రెండు వారాల తర్వాత ఒక వీధి ఎక్కువ, ఇంకో రెండు వారాలకు మరొకటి. అమీర్‌పేట నుంచి ఎల్‌.బి.నగర్ దాకా 2018లో మెట్రో వచ్చింది కదా, ఒక స్టేషన్ ముందు చైతన్యపురిలోనే దిగి మిగతాది నడవడం అలవాటు చేసుకున్నా. ఫుట్‌పాత్ మీద బళ్ళ మధ్య దారి వెతుక్కోవడం వేరే వ్యాయామం లెండి!

మావారు ఫోను చూసి "పదివేల అడుగులేవీ?" అని వేళాకోళం చేసేవారు. ఆ పదివేలు డాక్టర్లు లెక్కగట్టిన అంకె కాదు. 1960లలో జపాన్‌లో అడుగులు లెక్కపెట్టే యంత్రాన్ని అమ్మడానికి పెట్టిన పేరులోది. 2019లో అమెరికాలో పెద్ద వయసు స్త్రీలను పరిశీలిస్తే, రోజుకు సుమారు 4,400 అడుగులు వేసేవారిలోనే, 2,700 వేసేవారికంటే మరణాలు తక్కువగా కనిపించాయి. ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పేది వారానికి కనీసం 150 నిమిషాలు. అదీ ఒక్కసారే అక్కర్లేదు, ముక్కలు ముక్కలుగానైనా సరే. మోకాళ్ళ నొప్పులు, గుండెజబ్బు ఉన్నవాళ్ళు మాత్రం ముందు డాక్టరునడగాలి.

శ్రావణమాసం నోములతో పన్నెండు రోజులు ఎగ్గొట్టాను. పాలు మావారు తెచ్చారు, పాపం. ఇదివరకైతే అంతటితో సరి. ఈసారి ఆపిన చోటునుంచి కాక, మళ్ళీ పది నిమిషాలనుంచే మొదలెట్టా. వారంలోనే పాత లెక్కకు వచ్చేశా.

మొన్నటి పరీక్షలో అంకె కాస్త దిగింది. డాక్టరమ్మ పొగడలేదు, "మూడు నెలల తర్వాత మళ్ళీ చూద్దాం" అంది. పక్కింటి పిన్నిగారు మాత్రం రేపటినుంచి వాళ్ళ పాల పాకెట్ కూడా నన్నే తెమ్మన్నారు. తేనన్నాను. తనే నాతో రావాలి.