పలక మీది గాత్రం: ఎన్రీకో కరూసో జీవితం, గాన పరిణామం

కీలకపదాలు: ఒపెరా, టెనర్, గ్రామఫోను, పాఠాంతరం, కరూసో, గైస్‌బర్గ్

1. ఉపోద్ఘాతం

ఎన్రీకో కరూసో తల్లిదండ్రులకు ఇరవై ఒక్క మంది సంతానమని, వారిలో పద్దెనిమిది మంది పసితనంలోనే పోయారని చాలాకాలం జీవితచరిత్రలు రాస్తూ వచ్చాయి. నేపుల్స్ నగరపు జనన నమోదులను వెతికిన పరిశోధకులు ఆ కథను నిలవనీయలేదు. ఆయన ఏడుగురిలో మూడవవాడు. శైశవం దాటినవారు ముగ్గురు. ప్రసిద్ధుల చుట్టూ ఇటువంటి కథలు అల్లుకోవడం తెలుగు సాహిత్య పరిశోధకులకు కొత్త కాదు. చాటుపద్యాలను నమ్ముకొని కవుల చరిత్రలు రాసుకున్న కాలం మనకూ ఉంది.

అయితే పాత కవుల విషయంలో దొరకని ఒక ఆధారం కరూసో విషయంలో దొరుకుతుంది. అది ఆయన గొంతు. 1902 నుంచి 1920 వరకు ఆయన పాడిన సుమారు 250 రికార్డులు నిలిచి ఉన్నాయి. ఒక గాయకుడి గాత్రం యౌవనం నుంచి చివరి ఏడాది వరకు మారుతూ వచ్చిన తీరును ఇంత విస్తారంగా వినడానికి వీలు కల్పించిన తొలి జీవితాలలో ఇది ఒకటి. కాని ఆ రికార్డు కరూసో గొంతుకు అద్దం కాదు. రాతప్రతికి లేఖకుడు ఉన్నట్టే రికార్డుకు యంత్రం ఉంది. తాళపత్ర ప్రతిని పరిష్కర్త చదివే జాగ్రత్తతోనే దానినీ వినవలసి ఉంటుంది.

2. నేపుల్స్, తొలి శిక్షణ

కరూసో 1873 ఫిబ్రవరి 25న నేపుల్స్‌లో ఒక పేద కుటుంబంలో పుట్టాడు. తండ్రి మార్చెలీనో యంత్రాల పనివాడు. కొడుకు కూడా అదే పనిలో కుదురుకోవాలని ఆయన కోరిక. చర్చి గాయకబృందంలో మొదలైన పాట వీధులకు, కాఫీ హోటళ్లకు సాగింది. పాటను ప్రోత్సహించిన తల్లి 1888లో మరణించింది. గురువు గుల్యెల్మో వెర్జీనె శిష్యుడి చేత ఒక ఒప్పందం రాయించుకున్నాడు. దాని ప్రకారం రాబడిలో నాలుగో వంతు గురువుకు ఐదేళ్లపాటు చెందాలి. అయితే ఆ ఐదేళ్లు క్యాలెండరు లెక్కన కాక, శిష్యుడు వేదిక మీద పాడిన రోజుల లెక్కన. ఆ లెక్కన ఒప్పందం దశాబ్దాల తరబడి సాగేది. చివరకు తగువు న్యాయస్థానానికి చేరింది.

1895 మార్చి 15న నేపుల్స్‌లోని తెయాత్రో నువోవోలో, మోరెల్లి రాసిన ‘లామీకో ఫ్రాంచెస్కో’తో ఆయన రంగప్రవేశం చేశాడు. ఆ రోజుల్లో పై స్వరాల దగ్గర ఆయన గొంతు తరచూ విరిగేది. ఈ లోపాన్ని సరిదిద్దుకోవడానికి సంగీత నిర్దేశకుడు విన్చెంజో లొంబార్దీ శిక్షణ తోడ్పడింది. తరువాతి ఎదుగుదల వేగంగా సాగింది. 1897లో చిలేయా ‘లార్లెజియానా’, 1898లో జొర్దానో ‘ఫెదోరా’ తొలి ప్రదర్శనల్లో ఆయనే టెనర్. 1900 డిసెంబరు 26న మిలాన్‌లోని లా స్కాలాలో, తొస్కనీనీ నిర్దేశకత్వంలో ‘లా బొయేమ్’ పాడాడు.

మరుసటి ఏడాది చివర సొంత ఊరి సాన్ కార్లో రంగశాలలో పాడినప్పుడు మాత్రం నేపుల్స్ రసికులు ఆయనను చల్లగా స్వీకరించారు. ఇక ఆ ఊళ్లో పాడనని ఆయన నిశ్చయించుకున్నాడు. ఆ మాట జీవితాంతం తప్పలేదు.

3. రెండు సంప్రదాయాల కూడలి

పురుష గాత్రాలలో సాధారణంగా పై స్థాయిలో పలికేదాన్ని ఇటాలియన్ ఒపెరాలో టెనర్ అంటారు. పందొమ్మిదవ శతాబ్ది తొలి దశకాలలో రుబీనీ వంటి టెనర్‌లు తారస్థాయి స్వరాలను శిరోగళంతో, తేలికగా, గమకాలతో అలంకరిస్తూ పాడేవారు. 1837లో పారిస్‌లో రోసీనీ ‘గియోం తెల్’ పాడుతూ గిల్బేర్ ద్యుప్రే పై ‘సి’ స్వరాన్ని ఛాతీ బలంతో పలికించాడు. ఆ తరువాత శ్రోతల కోరిక మారింది. శతాబ్ది చివరన వచ్చిన వెరిస్మో నాటకాలు ఈ మార్పును ఇంకా ముందుకు నెట్టాయి. వాటి కథానాయకులు రాజులు కారు. రైతులు, సంచార నటులు, పేద కవులు. వారి అసూయకు, దుఃఖానికి ఒంపులు తిరిగే స్వరాల కన్నా నిండైన గొంతు అవసరమైంది.

కరూసో వచ్చింది ఈ కూడలికే. అటు ఫెర్నాందో దె లుచియా, అలెస్సాంద్రో బొన్చీల వంటి లాలిత్య ప్రధాన గాయకులు, ఇటు ఫ్రాంచెస్కో తమాన్యో వంటి బూరాకంఠులు. వారి రికార్డుల పక్కన పెట్టి వింటే కరూసో ప్రత్యేకత తెలుస్తుంది. ఆయన మధ్యస్థాయి బారిటోన్‌ను తలపించే ముదురు వన్నెతో ఉంటుంది. ఆ వన్నె చెడకుండానే గొంతు పైకి లేస్తుంది. తరువాతి టెనర్‌లలో చాలామంది ఈ బలాన్ని మాత్రమే అనుకరించారు. దొనిజెత్తీ ‘లెలిసీర్ దామోరె’లో ఆయన చూపిన మెత్తదనం వారికి పట్టుబడలేదు. ఆయన ప్రభావం ఇటాలియన్ గానానికి పూర్తిగా మేలు చేసిందని చెప్పలేము.

4. హోటల్ గదిలో పది పాటలు

1902 ఏప్రిల్ 11న మిలాన్ గ్రాండ్ హోటల్ గదిలో గ్రామఫోన్ కంపెనీ తరఫున ఫ్రెడ్ గైస్‌బర్గ్ కరూసో చేత పది పాటలు రికార్డు చేయించాడు. పారితోషికం వంద పౌండ్లు. అంత సొమ్ము ఇవ్వవద్దని లండన్ కార్యాలయం వారించినా తాను ముందుకు వెళ్లానని గైస్‌బర్గ్ తన జ్ఞాపకాలలో చెప్పుకున్నాడు. అదే ఏడాది నవంబరులో ఇదే గైస్‌బర్గ్ కలకత్తాలో గౌహర్ జాన్ గాత్రాన్ని రికార్డు చేశాడు. భారతీయ గ్రామఫోను చరిత్ర, కరూసో చరిత్ర ఒకే మనిషి పెట్టెలో ప్రయాణించాయన్నమాట.

అప్పటికి మైక్రోఫోను లేదు. గాయకుడు ఒక కొమ్ములోకి పాడితే, ఆ గాలి కదలికకు పొర అదిరి, సూది మైనపు పలక మీద గాడి గీసేది. పెద్ద స్వరం వచ్చినప్పుడు గాయకుడు వెనక్కి జరగాలి. లేకపోతే గాడి చెడుతుంది. ఆ కొమ్ము మధ్యస్థాయి ధ్వనులనే బాగా పట్టేది. అందుకే స్త్రీల పై స్థాయి గాత్రాలు ఆ రికార్డులలో పలచగా వినిపిస్తాయి. వయొలిన్ నాదం అందక, కొమ్ము తగిలించిన స్ట్రో వయొలిన్ వాడవలసి వచ్చింది. కరూసో ముదురు మధ్యస్థాయి సరిగ్గా యంత్రం వినగల మేరలోనే ఉంది. ఆయన కీర్తికి గొంతు ఎంత కారణమో ఈ పొసగింపూ అంత కారణం.

పలక మీద పట్టే కాలం కూడా చిన్నదే: పది అంగుళాల దానిపై సుమారు మూడు నిమిషాలు, పన్నెండు అంగుళాల దానిపై నాలుగు నిమిషాలు దాటి కొంత. 1904లో ‘ఊనా ఫుర్తీవా లాగ్రిమా’ను ఆయన రెండు భాగాలుగా పాడవలసి వచ్చింది. మన గాయకుల విస్తారమైన రాగాలాపన కూడా ఈ ఇరుకులో కుదించుకుపోయిన సంగతి పాత 78 వేగపు రికార్డులు విన్నవారికి తెలుసు.

5. పాఠాంతరాల సమస్య

1903 నవంబరు 23న న్యూయార్క్ మెట్రపాలిటన్ ఒపెరాలో ‘రిగొలెత్తో’తో కరూసో ప్రవేశించాడు. పద్దెనిమిది నాటకకాలాల పాటు అదే ఆయన ప్రధాన వేదిక. ఆ సంస్థతో ఆయన ప్రదర్శనలు ఎనిమిది వందలు దాటాయి. 1904 ఫిబ్రవరి నుంచి విక్టర్ కంపెనీకి రికార్డులు ఇచ్చాడు. లెయొంకవాల్లో ‘పాల్యాచ్చీ’లో కథానాయకుడు వేషం వేసుకుంటూ పాడే ‘వెస్తీ లా జూబ్బా’ను 1902, 1904, 1907లలో మూడుసార్లు పాడాడు. మొదటి రెండింటికి పియానో తోడు, మూడవదానికి వాద్యబృందం. ఈ మూడింటినీ వరుసగా వింటే గొంతు బరువెక్కినట్టు వినిపిస్తుంది. అందులో వయసు ఎంత, యంత్రం మెరుగుపడటం ఎంత?

దీనికి జవాబు పలక తిరిగే వేగం దగ్గర మొదలవుతుంది. నాటి రికార్డులు అన్నీ 78 వేగంతో తయారు కాలేదు. 74 వేగంతో గీసిన పలకను 78తో తిప్పితే శ్రుతి దాదాపు ఒక అర్ధస్వరం పెరుగుతుంది; గొంతు తేలికవుతుంది. ముద్రిత స్వరపత్రంలోని శ్రుతికి సరిపోయేలా వేగాన్ని సర్దితే చాలుననిపిస్తుంది. చిక్కు అక్కడే ఉంది. 1906లో ‘లా బొయేమ్’లోని ‘కే జేలిదా మనీనా’ను కరూసో స్వరపత్రం కన్నా అర్ధస్వరం తగ్గించి పాడాడు. ఈ సంగతి ఎరుగని పరిష్కర్త ముద్రితపాఠాన్ని నమ్మి వేగం పెంచితే ఆయన పాడని పై ‘సి’ వినిపిస్తుంది. వ్యాకరణం నమ్మి కవి ప్రయోగాన్ని దిద్దిన పరిష్కర్తల వంటిదే ఈ పొరపాటు. గొంతు వన్నె, అచ్చుల పలుకుబడి సహజంగా ఉన్నాయా లేదా అన్న చెవి సాక్ష్యం కూడా ఇక్కడ తప్పనిసరి.

ప్రక్షిప్తాలకూ కొదవ లేదు. 1932లో విక్టర్ కంపెనీ పాత రికార్డుల మీద కొత్త వాద్యబృందాన్ని చేర్చి విడుదల చేసింది. శ్రోతలకు అది నచ్చి ఉండవచ్చు గాని పరిశోధకుడికి అది పనికిరాదు. ఇందుకు భిన్నమైన ప్రయత్నం 1976లో జరిగింది. యూటా విశ్వవిద్యాలయానికి చెందిన థామస్ స్టాకమ్ కొమ్ము వల్ల ధ్వనిలో చేరిన వికారాలను కంప్యూటరుతో లెక్కగట్టి తొలగించాడు.

6. చివరి మాసాలు

1909లో మిలాన్‌లో స్వరతంత్రికి శస్త్రచికిత్స జరిగిన తరువాత కరూసో బరువైన పాత్రల వైపు జరిగాడు. 1910 డిసెంబరులో పుచ్చీనీ ‘లా ఫాన్చుల్లా దెల్ వెస్ట్’ తొలి ప్రదర్శనలో నాయకపాత్ర ధరించాడు. 1919లో అలేవీ ‘లా జ్వీవ్’లో ముసలి యూదు స్వర్ణకారుడు ఎలియజార్ పాత్రను చేపట్టాడు. అది అందగాడైన ప్రియుడి పాత్ర కాదు. కోపానికి, కూతురి మీద ప్రేమకు మధ్య నలిగే తండ్రి పాత్ర.

1920 సెప్టెంబరులో కాండెన్ నగరంలో మూడు రోజులు ఆయన చివరిసారి రికార్డు చేశాడు. డిసెంబరు 11న బ్రూక్లిన్‌లో ‘లెలిసీర్ దామోరె’ పాడుతుండగా గొంతులోంచి రక్తం పడింది. మొదటి అంకం తరువాత ప్రదర్శన ఆపేశారు. అయినా డిసెంబరు 24న మెట్రపాలిటన్‌లో ఎలియజార్‌గా పాడాడు. ఊపిరితిత్తుల పొరలో చీము చేరి, పలుమార్లు శస్త్రచికిత్సలు జరిగాయి. పాడనన్న నేపుల్స్‌కే తిరిగి చేరి 1921 ఆగస్టు 2న మరణించాడు. వయసు నలభై ఎనిమిదేళ్లు.

ఆయన మొత్తంగా పాడి రికార్డు చేసిన ఒపెరా ఒక్కటీ లేదు. ఎలియజార్ పాత్ర నుంచి మిగిలింది 1920 సెప్టెంబరు 14న పాడిన ఒక్క గీతం. తండ్రి కూతురిని తలచుకునే ఆ పాటలో మధ్యస్థాయి ఎంత ముదిరిందో వినిపిస్తుంది. స్వరాలను కలిపే ఊపిరి ఇంకా తెగలేదని కూడా వినిపిస్తుంది.