దిద్దుబాటు చాలింపవలసిన వేళ

పలాస, కాశీబుగ్గలలోని జీడి ఫ్యాక్టరీలలో పప్పుపై పొరను ఒలుచు స్త్రీల చేతులను కొంతసేపు నిలిచి చూచినవారికి, వ్రాసినదానిని దిద్దుట ఎక్కడ ఆపవలెనని రచయితలు ఏళ్ల తరబడి తర్కించుకొను సమస్యకు పరిష్కారము అక్కడ నిత్యకృత్యముగా జరుగుచుండుట కనబడును. ఉద్దానపు తోటల జీడిపిక్కలను వేడిచేసి, కొట్టి, పప్పును వేడిగదిలో ఆరబెట్టిన పిదప పొర వదులై వ్రేలు తగిలినంతనే రాలును; అక్కడక్కడ పట్టియున్నదానిని కత్తిమొనతో ఒకింత గీకుదురు; అంతకు మించి పట్టుదల చూపినచో గుండు బద్దయగును, బద్ద ముక్కయగును, ముక్క నూకయగును, మెట్టుమెట్టునకు ధర దిగజారును. పౌనుకు 180 గుండ్లు తూగు మేలురకమును గీకి గీకి నూక చేసికొను మూర్ఖత అచ్చట ఎవ్వరికిని లేదు. ఒలవని పప్పును మరల ఆరుటకు పంపుదురు.

రచనలోను అంతే: దోషమున్నచోట కత్తి పెట్టుట వేరు, దోషముండునేమోయను భయముతో కత్తి పెట్టుట వేరు. మన కథలకు ఎక్కువ హాని రెండవదానివలననే కలుగుచున్నది. టెక్కలి ప్రాంతపు యువకుడు తన యింటి భాషలో కథ వ్రాయును. దూరదేశపు పాఠకుడు నవ్వునేమోయని శంకించి ప్రతి తరువాత ప్రతి తిరగవ్రాయును. తొలిప్రతిలో ‘నాను ఎల్తన్నాను’ అన్న ముసలమ్మ తుదిప్రతిలో పాఠ్యపుస్తకమువలె మాటాడును. వాక్యము నున్ననైనది; మనిషి మాయమైనది. ఇది నాకు మిక్కిలి దుఃఖము కలిగించు విషయము.

అట్లయిన గురజాడ అప్పారావుగారు దిద్దలేదా యని ప్రశ్నింపవచ్చును. దిద్దిరి. 1892లో విజయనగరమున ప్రదర్శితమై, 1897లో అచ్చయిన కన్యాశుల్కమును ఆయన 1909 నాటి ద్వితీయ ముద్రణమునకు దాదాపు క్రొత్త నాటకముగా పునర్నిర్మించిరి. మధురవాణి పాత్ర అందే విస్తరిల్లినది. కాని అది గీకుట కాదు. పండ్రెండేండ్లలో లోకమును మరింత చూచిన కన్ను మరల పనికి పూనుకొనుట. చూపు మారినపుడు తిరిగి వ్రాయుట ధర్మమే. చూపు మారక మాట మాత్రమే మారుచున్నచో ఆగవలెను. నిన్న కొట్టివేసిన పదమును నేడు మరల చేర్చుచున్నవాడు తన పని ముగిసినదని గ్రహింపవలెను.

గురజాడవారి మిత్రుడు గిడుగు రామమూర్తిగారి ఉదాహరణము ఇంతకంటెను గంభీరమైనది. శ్రీముఖలింగము చెంత పర్వతాలపేటలో 1863లో జన్మించిన ఆ మహనీయుడు, పర్లాకిమిడిలో ఉపాధ్యాయుడుగా నుండి గిరిజనులైన సవరల భాషను నేర్చి, దాని వ్యాకరణ నిఘంటువులకై దశాబ్దములు ధారవోసెను. నిఘంటువునకు సహజమైన ముగింపు లేదు: మందస కొండలలోనో మెళియాపుట్టి కొండలలోనో ఒక సవర వృద్ధుడు రేపు మరియొక మాట పలుకును, అది మొన్నటి అర్థమును సవరించును. ఆ లోపము తెలిసియే ఆయన సవర భాషావ్యాకరణమును 1931లోను, సవర-ఇంగ్లీషు నిఘంటువును 1938లోను లోకమున కర్పించెను. 1940 జనవరిలో మరణించెను. ఇంకను సంపూర్ణము చేయుదమని మరి రెండేండ్లు వేచియుండినచో, ఆ నిఘంటువును అచ్చులో చూచుకొను భాగ్యము ఆయనకు దక్కెడిది కాదు. గురజాడవారి బిల్హణీయము, కొండుభట్టీయము నాటకములు అసంపూర్ణముగనే మిగిలిపోయినవి గదా! ఆయువు మన తుదిప్రతికై నిరీక్షింపదు.

కాళీపట్నం రామారావుగారు 1997లో శ్రీకాకుళమున నెలకొల్పిన కథానిలయము పత్రికలలో వెలువడిన కథలను వెదకి వెదకి సేకరించి భద్రపరచుచున్నది. పెట్టెలో దాగిన కథ దానికి అందదు. సోంపేట, కవిటి, వజ్రపుకొత్తూరు ప్రాంతములలో అయిదవ ప్రతి వ్రాయుచు కూర్చున్న సోదరీసోదరులారా! మీ తొలిప్రతిని తీసి ముసలమ్మ మాటను ఆమెకు తిరిగి యిండు. అక్షరదోషములను మాత్రము సరిచూచి, ఈ వారముననే కథను పత్రికకు పంపుడు.