సబ్‌వే సర్ఫర్స్: ఆట ఫ్రీనే.. మరి డబ్బులు అడిగేది ఎక్కడ?

రీల్స్, షార్ట్స్ చూసేవాళ్లకు ఈ సీన్ కొత్తేమీ కాదు. పైన ఎవరో ఏదో కథ చెబుతుంటారు.. కింద సగం స్క్రీన్‌లో ఓ కుర్రాడు రైలు పట్టాల మీద పరిగెడుతుంటాడు. చెవులు కథ మీద ఉన్నా కళ్లు మాత్రం ఆ కుర్రాడినే చూస్తుంటాయి. ఆ ఆటే సబ్‌వే సర్ఫర్స్. డెన్మార్క్‌కు చెందిన కిలూ, సైబో అనే రెండు కంపెనీలు కలిసి 2012లో తెచ్చాయి. గూగుల్ ప్లేలో 100 కోట్ల డౌన్‌లోడ్లు దాటిన తొలి గేమ్ ఇదే. ఆ రికార్డు 2018లో వచ్చింది. మన ఇళ్లలోనూ అమ్మ ఫోన్‌లో వాట్సాప్ పక్కనే ఈ ఐకాన్ కనిపించడం మామూలే.

ఎందుకంత క్రేజ్ అంటే.. నేర్చుకోవడానికి ఇందులో ఏమీ లేదు. గోడ మీద స్ప్రే పెయింట్‌తో బొమ్మలేస్తూ దొరికిపోయిన జేక్ పరుగు తీస్తాడు. ఇన్‌స్పెక్టర్, అతని కుక్క వెంటపడతారు. ఉన్నవి మూడు ట్రాక్‌లు. పక్కకు స్వైప్ చేస్తే ట్రాక్ మారతాడు, పైకి అంటే దూకుతాడు, కిందికి అంటే దొర్లుతాడు. అంతే! బస్సులో ఒక చేత్తో రాడ్ పట్టుకుని, ఇంకో చేతి బొటనవేలితో ఆడేయొచ్చు. ఇంగ్లిష్ రావాల్సిన పనిలేదు. నెట్ లేకపోయినా నడుస్తుంది. పైగా 2013 నుంచి 'వరల్డ్ టూర్' పేరుతో ఊళ్లు మారుస్తున్నారు. న్యూయార్క్, రియో, టోక్యో.. మన ముంబై కూడా వచ్చింది.

అయితే అసలు విషయం వేరే ఉంది. ఈ ఆటలో గెలుపు అనేదే లేదు. ఫినిష్ లైన్ ఉండదు. వేగం పెరుగుతూ పోతుంది, ఎంతటి ఆటగాడైనా ఎక్కడో ఒకచోట రైలును గుద్దుకోవాల్సిందే. ఓడిపోవడం ఖాయం, ఎప్పుడన్నదే తేలాలి. కంపెనీ కొట్టు తెరిచేది కూడా సరిగ్గా అక్కడే.

గుద్దుకోగానే 'సేవ్ మీ' అని ఓ బటన్ వస్తుంది. టైమ్ కొన్ని సెకన్లే. నొక్కితే ఒక కీ ఖర్చవుతుంది, పరుగు ఆగిన చోటి నుంచే మళ్లీ మొదలవుతుంది. అదే పరుగులో రెండోసారి పడితే 2 కీలు, మూడోసారి 4, తర్వాత 8, ఆ తర్వాత 16. అంటే ఐదుసార్లు లేచేసరికి 31 కీలు అయిపోతాయి. ఆటలో కీలు దొరుకుతాయి గానీ కాయిన్లలా గుట్టలుగా దొరకవు. చాలకపోతే కొనుక్కోమంటుంది. హై స్కోర్‌కు నాలుగు అడుగుల దూరంలో పడిపోయిన పదేళ్ల పిల్లాడికి ఆ కాస్త టైమ్‌లో లెక్కలు ఏం గుర్తొస్తాయి? పెద్దవాళ్లకే గుర్తురావు. నిజానికి కాయిన్లతో కొనే హోవర్‌బోర్డు ఉంటే చాలు. రెండుసార్లు ట్యాప్ చేస్తే 30 సెకన్ల పాటు ఉంటుంది, ఒక దెబ్బ తాను తిని జేక్‌ను కాపాడుతుంది. పైసా పెట్టకుండా ఆడేవాళ్లు దాంతోనే నెట్టుకొస్తారు.

డబ్బు పెట్టనివాళ్లు టైమ్ పెడతారు. యాడ్ చూస్తే బహుమతి, రోజూ వచ్చి అక్షరాలు ఏరితే ఇంకో బహుమతి. రౌండ్ చిన్నదే, కానీ పడగానే మరో రౌండ్ రెడీగా ఉంటుంది. 'ఈ లెవెల్ అయ్యాక ఆపేస్తా' అనడానికి ఇందులో లెవెల్సే లేవు! ఇక చిన్నపిల్లలకు యాడ్ ఏదో, ఆట ఏదో తేడా తెలియదు. మూలన ఉన్న క్లోజ్ గుర్తు తప్పి వేలు ఇంకెక్కడో పడితే వేరే యాప్ ఇన్‌స్టాల్ పేజీ తెరుచుకుంటుంది.

ఫోన్ పిల్లల చేతికి ఇచ్చేముందు మొబైల్ డేటా, వైఫై రెండూ ఆపేస్తే యాడ్స్ బెడద చాలావరకు పోతుంది, కొనుగోళ్లూ జరగవు. ప్లే స్టోర్ సెట్టింగ్స్‌లో 'పర్చేజ్ వెరిఫికేషన్' ఆన్‌లో ఉందో లేదో చూసుకోవాలి. అయితే ఫింగర్‌ప్రింట్ లాక్‌లో పిల్లాడి వేలు కూడా సేవ్ చేసి ఉంటే లాభం లేదు. ఓటీపీ వచ్చేది కూడా సాధారణంగా ఆ ఫోన్‌కే కదా.. పైగా చాలా ఇళ్లలో యూపీఐ పిన్ పిల్లలకు నోటికొచ్చు. పొరపాటున కొనేస్తే ఆలస్యం చేయొద్దు. 48 గంటల్లోపు అయితే గూగుల్ ప్లేలోనే ఆర్డర్ హిస్టరీకి వెళ్లి రిఫండ్ అడగొచ్చు.