‘టీచర్, రెడ్ అలర్ట్ అంటే హాలిడేనా?’



వానలు మొదలైన దగ్గర్నుంచి మా నాలుగో తరగతిలో పొద్దున్నే వినపడే ప్రశ్న ఒకటే. “టీచర్, ఇవాళ ఆరెంజ్ అంట. రేపు రెడ్ అయితే హాలిడే కదా?” పిల్లలు వార్తలు వింటున్నారు, సంతోషమే. కానీ రంగుకీ సెలవుకీ వాళ్లు వేసుకున్న ఈ ముడి పెద్దవాళ్లలోనూ ఉంది. క్లాస్ వాట్సాప్ గ్రూపుల్లో వచ్చే మెసేజ్‌లు చూస్తే తెలిసిపోతుంది.

ఖమ్మంలో ఉండేవాళ్లకు వానాకాలంలో మూడు రకాల కబుర్లు వస్తాయి. వాతావరణ శాఖ చెప్పే రంగు ఒకటి. మున్నేరు ఎన్ని అడుగులు ఉందన్నది రెండోది. కలెక్టర్ గారి సెలవు ఆర్డర్ మూడోది. ఇవి మూడు వేర్వేరు చోట్ల నుంచి వస్తాయి, ఒకేసారి రావు. ఒకటి వచ్చింది కదా అని రెండోది రావాలని రూలేమీ లేదు. పిల్లల్ని గడప దాటించాలా వద్దా అన్నది మాత్రం మనం పొద్దున ఏడింటికే తేల్చుకోవాలి. కాబట్టి ఏ కబురుకు అర్థం ఏమిటో ముందే తెలిసి ఉంటే మంచిది.

రంగు ఏం చెబుతుంది, ఏం చెప్పదు

భారత వాతావరణ శాఖ ఒక్కో జిల్లాకు ఒక్కో రంగు ఇస్తుంది. ఆకుపచ్చ అంటే హెచ్చరిక ఏదీ లేదు. పసుపు అంటే గమనిస్తూ ఉండండి. ఆరెంజ్ అంటే సిద్ధంగా ఉండండి. ఎరుపు అంటే ఇక కదలండి, చేయాల్సింది చేయండి. వాన మాటలకూ లెక్క ఉంది. 24 గంటల్లో 7 నుంచి 11 సెంటీమీటర్లు పడితే భారీ వర్షం. 12 నుంచి 20 అయితే అతి భారీ. 21 సెంటీమీటర్లు, ఆపైన పడితే అత్యంత భారీ. టీవీలో మూడింటినీ ఒకే గొంతుతో అరుస్తారు కాబట్టి మనకు తేడా తెలియదు. 7 సెంటీమీటర్లకూ 21 సెంటీమీటర్లకూ మధ్య తేడా అంటే మీ వీధిలో కాలువ నిండటానికీ, ఇంట్లోకి నీళ్లు రావడానికీ ఉన్న తేడా.

రంగు జిల్లాకు మొత్తంగా ఇచ్చేది, మీ వీధికి కాదు. వాతావరణ బులెటిన్‌లో ‘అక్కడక్కడా’ అన్న మాట ఉంటే, జిల్లాలో వాన కొలిచే కేంద్రాల్లో నాలుగో వంతుకు మించకుండా పడొచ్చని దాని అర్థం. సత్తుపల్లిలో కుండపోత పడుతుంటే మన వైరా రోడ్డులో ఎండ కాయొచ్చు. “ఆరెంజ్ అన్నారు, చుక్క పడలేదు, వీళ్ల మాట ఎవరు నమ్ముతారు” అని మనం నవ్వుకునేది ఇక్కడే. వాళ్లు చెప్పింది తప్పు కాదు, మనం చదివింది తప్పు.

ఇంకో సంగతి చాలామందికి తెలియదు. వాతావరణ శాఖ రోజు పొద్దున 8:30కి మొదలై మర్నాడు 8:30కి ముగుస్తుంది. ‘ఈ రోజు రెడ్’ అంటే అందులో ఈ రాత్రీ ఉంది, రేపు పొద్దున మన వ్యాను బయల్దేరే 7:30 కూడా ఉంది. సాయంత్రం వాన తెరిపి ఇవ్వగానే గండం గడిచిందనుకోకండి.

సాయంత్రం స్కూలు వదిలే వేళకు మాత్రం రంగు కన్నా ‘నౌకాస్ట్’ పనికొస్తుంది. వచ్చే 3 గంటల్లో ఏ జిల్లాలో ఉరుములు, పిడుగులు, ఈదురుగాలులు ఉండొచ్చో వాతావరణ శాఖ ఇచ్చే సమాచారం అది. పిడుగుల కోసం ‘దామిని’ అనే యాప్ ఉంది, ‘సచేత్’ అనే యాప్‌లో అన్ని రకాల హెచ్చరికలూ వస్తాయి. రెండూ ప్రభుత్వానివే, ఉచితం. ఫోన్ ఒక్కసారిగా పెద్దగా మోగి తెర మీద హెచ్చరిక కనపడితే కంగారుపడి ఆపేయకండి, పూర్తిగా చదవండి.

మున్నేరుకు మన వానతో పని లేదు

మన ఊరికి అసలు సంగతి ఇది. మున్నేరు వరంగల్ జిల్లా పాకాల వైపు నుంచి, మహబూబాబాద్ జిల్లా మీదుగా వస్తుంది. ఖమ్మం చేరే ముందు ఆకేరు వచ్చి కలుస్తుంది. ఆ పైన కురిసిన వానంతా, అక్కడ అలుగు పోసిన చెరువుల నీళ్లంతా మన ప్రకాశ్‌నగర్ వంతెన కింద నుంచే పోవాలి. అంటే ఖమ్మంలో చినుకు లేకపోయినా మున్నేరు పొంగొచ్చు. మన జిల్లాకు పసుపు ఉండి, మహబూబాబాద్‌కు ఎరుపు ఉంటే, ఏటి ఒడ్డున ఉండేవాళ్లు చూడాల్సింది ఆ ఎరుపునే. నా మాట విని ఈ సీజన్‌లో ఖమ్మం రంగుతో పాటు మహబూబాబాద్, వరంగల్ రంగులు కూడా చూడటం అలవాటు చేసుకోండి. అర నిమిషం పని.

ఖమ్మం దగ్గర మున్నేరు 16 అడుగులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక, 24 అడుగులకు రెండోది. ఈ రెండు అంకెలూ గుర్తుంచుకోండి. ఎందుకంటే టీవీలో ఎక్కువగా వినపడే 43, 48, 53 అడుగులు భద్రాచలం దగ్గర గోదావరివి. ‘గోదావరికి 43 అడుగులకు గానీ హెచ్చరిక ఇవ్వరు, మనకు ఇంకా 20 అడుగులేగా’ అని ఎవరైనా అంటే ఆ లెక్క చెల్లదు. ఒక్కో చోట స్కేలు సున్నా ఒక్కో మట్టం నుంచి మొదలవుతుంది, కాబట్టి ఒక నది అడుగులను ఇంకో నది అడుగులతో పోల్చకూడదు. నదుల స్వభావం కూడా వేరు. గోదావరి పెద్ద నది, ఎగువ నుంచి వరద దిగి వచ్చేసరికి భద్రాచలం వాళ్లకు సర్దుకునే సమయం దొరుకుతుంది. 2022 జులైలో అక్కడ 71 అడుగులు దాటినప్పుడు కూడా నీరు రోజుల తరబడి పెరుగుతూ వచ్చింది. మున్నేరు అలా కాదు. రాత్రి పడుకునేటప్పుడు ఒకలా ఉంటుంది, తెల్లారేసరికి ఇంకోలా ఉంటుంది.

2023 జులైలో 30 అడుగులు దాటినప్పుడు ఇంతకన్నా రాదనుకున్నాం. 2024 సెప్టెంబర్ 1న 36 అడుగుల దాకా వచ్చింది. శనివారం రాత్రంతా ఎగువన వాన. ఆదివారం పొద్దున బొక్కలగడ్డ, మోతీనగర్, వెంకటేశ్వరనగర్, ప్రకాశ్‌నగర్ ఇళ్లలోకి నీళ్లు. మహబూబాబాద్ జిల్లా కేసముద్రం దగ్గర రైలు పట్టాల కింద కట్టే కొట్టుకుపోయి రైళ్లు నిలిచిపోయాయి. పైన అంత నీరు ఉందంటే కిందికి ఏం రాబోతోందో చెప్పే గుర్తు అది. ప్రకాశ్‌నగర్ వంతెన మీద 9 మంది చిక్కుకుపోతే, వాతావరణం బాగోలేక హెలికాప్టర్ రాలేకపోయింది. చివరికి ఒక జేసీబీ డ్రైవర్ వెళ్లి వాళ్లను తీసుకొచ్చాడు. అదే రోజు తెల్లవారుజామున మన జిల్లా నుంచి హైదరాబాద్ విమానాశ్రయానికి కారులో బయల్దేరిన తండ్రీకూతుళ్లు మరిపెడ దగ్గర ఆకేరు ఉధృతికి కొట్టుకుపోయి ప్రాణాలు పోగొట్టుకున్నారు. ఆ రోజు ఆదివారం కాబట్టి స్కూలు వ్యాన్లు రోడ్డు మీద లేవు. అదే సోమవారం అయి ఉంటే అని నేను అప్పుడప్పుడూ అనుకుంటాను.

కారు కదా, బండి బరువుగానే ఉంది కదా అనే ధైర్యం నీళ్ల దగ్గర పనికిరాదు. వేగంగా పారే నీరు అర అడుగు ఉంటే చాలు, పెద్దవాళ్ల కాళ్లే నిలవవు. అడుగు నీటిలో చిన్న కారు తేలడం మొదలుపెడుతుంది. రెండు అడుగులు పారితే చాలా బండ్లను పక్కకు తోసేస్తుంది. కారు నీళ్లలోకి దిగగానే దాని కింద నీరు పైకి నెడుతుంది, టైర్లకు రోడ్డు మీద పట్టు పోతుంది, ఇక స్టీరింగ్ తిప్పినా లాభం లేదు. పైగా ఆ బురద నీటి కింద రోడ్డు ఉందో కోసుకుపోయిందో పైనుంచి కనపడదు. అందులో స్కూటీ మీద ముందు ఒక పిల్లను నిలబెట్టి, వెనక ఇంకొకరిని కూర్చోబెట్టి లోలెవల్ వంతెన దాటే తల్లిదండ్రులను చూస్తే భయమేస్తుంది.

సెలవు ఎవరు ఇస్తారు

జిల్లా అంతటికీ సెలవు ఇచ్చేది కలెక్టర్ గారు. రెడ్ అలర్ట్ రాగానే సెలవు దానంతట అది వచ్చేయదు. ఒక్కోసారి రెడ్ ఉన్నా స్కూళ్లు నడుస్తాయి, ఒక్కోసారి ఆరెంజ్‌కే సెలవు ఇస్తారు. ఆర్డర్ ముందు రోజు రాత్రి రావొచ్చు, పొద్దున ఆరున్నరకు రావొచ్చు. ఈ లోపు గ్రూపుల్లో తిరిగే ‘రేపు అన్ని స్కూళ్లకు సెలవు’ క్లిప్పుల్లో సగం పాతవి. తేదీ చూడండి. తేదీ లేకపోతే నమ్మకండి, ముందుకు పంపకండి. స్కూల్ యాప్‌లోనో, స్కూల్ నంబర్ నుంచి ఎస్సెమ్మెస్‌గానో వచ్చిందే మా మాట.

అయితే ఆర్డర్ రాలేదని మాత్రం నీళ్లు దాటించి పిల్లల్ని పంపకండి. మీ ఇంటికీ స్కూలుకూ మధ్య ఎక్కడైనా రోడ్డు మీద నుంచి నీరు పారుతుంటే, ఆ రోజు మీ పిల్లలకు సెలవే. క్లాస్ టీచర్‌కు ఒక్క మెసేజ్ పెట్టండి, చాలు. “టీచర్, ఇవాళ ఎఫ్‌ఏ ఉంది కదా, మార్కులు పోతాయేమో” అని అడుగుతారు. ఆ పరీక్ష మళ్లీ పెట్టుకోవచ్చు. అటెండెన్స్ శాతం కోసం, స్టార్ బ్యాడ్జి కోసం ఏరు దాటాల్సిన పని ఎవరికీ లేదు.

వ్యాను గురించి కూడా ఒక మాట. నీళ్లు చూసి డ్రైవర్ చుట్టూ తిరిగి వస్తే అరగంట ఆలస్యం అవుతుంది. దయచేసి అతన్ని కసరకండి. పదిసార్లు తిట్లు తిన్న డ్రైవర్ పదకొండోసారి నీళ్లలోంచే తోలుతాడు. ఆటోలో పంపేవాళ్లు మాత్రం ఆ దారి ఏమిటో డ్రైవర్‌ను అడిగి తెలుసుకోండి, ఎంతమంది పిల్లలను ఎక్కిస్తున్నాడో కూడా చూడండి.

నడిచి వచ్చే పిల్లలకు రెండే మాటలు చెప్పండి. తడిసిన కరెంటు స్తంభాన్ని, దాని స్టే వైరును ముట్టుకోవద్దు. కాలువ అంచు కనపడని నీటిలో అడుగు వేయొద్దు. వైరు తెగి పడితే 1912కి, అత్యవసరమైతే 112కి ఫోన్ చేయాలని మా క్లాసులో పిల్లలకు కంఠతా వచ్చేసింది. ఇంట్లో ఒకసారి అడిగి చూడండి.

వాన తగ్గాక

వాన ఆగిన వారం పది రోజులకు క్లాసులో బెంచీలు ఖాళీ అవడం మొదలవుతుంది. డెంగీ దోమ మురుగులో కాదు, కూలర్ అడుగున, పూలకుండీ ప్లేటులో, మేడ మీద పాత టైరులో నిలిచిన మంచినీటిలో పెరుగుతుంది. గుడ్డు నుంచి దోమ కావడానికి వారం పది రోజులు పడుతుంది కాబట్టే వారానికోసారి నీళ్లు పారబోయమంటారు. ఇది పగలు కుట్టే దోమ. అందుకే ఫుల్ చేతుల యూనిఫాం, కాళ్లకు సాక్సులు వేసి పంపమని అడుగుతున్నాం.

నేను ప్రత్యేకంగా అడిగేది వేరే ఉంది. పొద్దున పారాసెటమాల్ సిరప్ వేసి, ఒళ్లు చల్లబడగానే స్కూలుకు పంపేయకండి. డెంగీలో ఎక్కువ జాగ్రత్తగా ఉండాల్సింది జ్వరం తగ్గుతున్న ఆ మూడో రోజు నుంచి ఏడో రోజు మధ్యలోనే. జ్వరం పోయిందని మనం ఊపిరి పీల్చుకునే సమయంలోనే కడుపునొప్పి, ఆగని వాంతులు, చిగుళ్ల నుంచో ముక్కు నుంచో రక్తం, మూత్రం తగ్గడం, మరీ మగతగా పడి ఉండటం లాంటివి మొదలైతే వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లాలి. ఐబుప్రొఫెన్, ఆస్పిరిన్ లాంటివి డాక్టర్ చెప్పకుండా ఇవ్వకండి. క్లాసులో డల్‌గా కూర్చున్న పిల్లవాడు నిద్రపోతున్నాడో, నీరసించాడో ముప్పై ఐదు మందిలో మాకు అన్నిసార్లూ తెలియదు.

ఏటి ఒడ్డు కాలనీల్లో ఉండేవాళ్లు పిల్లల టీసీలు, స్టడీ సర్టిఫికెట్లు, ఆధార్ కార్డులు జిప్ కవర్లో పెట్టి అటక మీదో, పై అంతస్తు వాళ్లింట్లోనో ఉంచండి. పుస్తకాలు తడిస్తే మళ్లీ ఇప్పించగలం.

ఈ నెల పీటీఎంకు వచ్చేటప్పుడు ఒక పని చేయండి. మీ ఇంటి నుంచి స్కూలుకు వచ్చే దారిలో ఎక్కడెక్కడ నీళ్లు నిలుస్తాయో, ఏ కల్వర్టు మీద నుంచి పారుతుందో ఒక కాగితం మీద రాసి తీసుకురండి. కింద ఇద్దరి ఫోన్ నంబర్లు ఉండాలి. అందులో ఒకటి మీ ఇంటికి దగ్గర్లో, ఎత్తు మీద ఇల్లున్న బంధువులదో స్నేహితులదో అయితే మంచిది. ఆ కాగితాలన్నీ మేము వ్యాను రూట్ల వారీగా విడదీసి డ్రైవర్లకు ఇస్తాం.