పచ్చ అంటే ఏ పచ్చ?

తెలుగు పాఠం చెప్పేవారికి ‘పచ్చ’ అనే మాట పాత చిక్కే. చేను పచ్చగా ఉన్నదంటాము. పచ్చకామెర్లు అనీ అంటాము. మొదటిది ఆకు వన్నె, రెండవది పసుపు వన్నె. సందేహం వచ్చినప్పుడు ఆకుపచ్చ, పసుపుపచ్చ, చిలకపచ్చ అని ముందొక మాట తగిలించి సరిపెట్టుకుంటాము. ఇరవై అయిదేండ్లుగా ఈ సంగతి తరగతిలో చెబుతూనే ఉన్నాను గాని, ఒక ఇంట తాతామనుమల మధ్య ఇది తగవుగా నిలువగలదని మొన్నటి వేసవి వరకు ఎరుగను.

మనుమడు రాజమహేంద్రవరంలో నా విద్యార్థి. స్వగ్రామం తాడేపల్లిగూడెం దగ్గరి మాధవరం. తరతరాలుగా సైన్యానికి బిడ్డలను పంపి ‘మిలిటరీ మాధవరం’ అనిపించుకున్న ఊరు. తాతగారు 1971 యుద్ధంలో తూర్పు రంగాన పనిచేసిన హవల్దారు. ఆ యుద్ధాన్ని గురించి ఇంట ఎన్నడూ నోరు విప్పినవారు కారు. ఒక బొమ్మ కానుకగా ఇస్తే మాట కదులుతుందేమోనని కుర్రవాడు పి.టి.-76 ట్యాంకు నమూనా తెప్పించాడు. అసలులో 35వ వంతు. ప్లాస్టిక్ ముక్కలు అతికించి, రంగు మనమే వేసుకోవాలి.

ఆ ట్యాంకు రష్యావారిది. సుమారు 14 టన్నుల తేలికపాటి బండి, నీటి మీద తేలుతూ పోగలదు. 1971 నవంబరు 21న గరీబ్‌పూర్ వద్ద మన 45వ కావల్రీ దళం పాకిస్తాను షాఫీ ట్యాంకులను ఎదుర్కొన్నది వీటితోనే. ఏరులు, కాలువలు, వరిమళ్ళు నిండిన ఆ బెంగాలు డెల్టా మన కోనసీమకు తోబుట్టువు వంటిది.

కుర్రవాడు పెట్టెలోని సూచన ప్రకారం రష్యా పచ్చ వేసి, తీసుకొనిపోయి తాతగారి చేతిలో పెట్టాడు. ఆయన ఒకసారి త్రిప్పి చూసి, “ఇది మాది కాదురా” అని బల్ల మీద పెట్టివేశారట. అంతే. మరునాడు అతడు నా వద్దకు వచ్చాడు.

“మాస్టారూ, ఆలివ్ గ్రీన్‌ను తెలుగులో ఏమంటారండీ? ఆ పేరు చెబితే తాతయ్య అవునంటారు, సీసా చూపితే కాదంటారు.”

నా వద్ద మాట లేదు. రంగుకు పేరు చాలదని మాత్రం ఇద్దరమూ కలిసి తెలుసుకున్నాము. 1943 ఫిబ్రవరిలో జర్మను సైన్యం తన బండ్ల ముదురు బూడిదరంగును ముదురు పసుపుకు మార్చింది. ఆ రంగు ముద్దగా వచ్చేది. దళంలో నీరు దొరికితే నీటితోను, పెట్రోలు దొరికితే దానితోను పలుచన చేసి పూసేవారు. ఉత్తరువు ఒకటే, రంగు బండికొకటి! బ్రిటిషువారి ప్రత్యేక దళం 1968 నుండి తన ల్యాండ్ రోవర్లకు గులాబి రంగు వేసింది. ఉదయసంధ్యలో ఎడారి ఇసుక ఆ ఛాయలోనే ఉంటుంది. ఇక ‘ఖాకీ’ అనే మాటకు మూలం పారశీకంలో దుమ్ము. నాకు తెలిసిన రంగు పేర్లలో ఇంత నిజాయితీ గలది మరొకటి లేదు.

పాత ఛాయాచిత్రాలు నలుపు తెలుపులు కనుక సాక్ష్యానికి పనికిరావు. కూడళ్ళలో నిలిపిన ట్యాంకులు చూద్దామంటే, వాటికి నిగనిగలాడే కొత్త పూతలు ఎన్ని పడ్డాయో! పైగా దూరం ఒకటి ఉన్నది. కొవ్వూరు రేవున నిలిచి ఆవలి ఒడ్డు చెట్లను చూడండి. అవి ఆకుపచ్చగా కనబడవు, నీలి బూడిదగా కనబడుతాయి. 35వ వంతు బొమ్మను అడుగు దూరం నుండి చూడడమంటే అసలు బండిని 35 అడుగుల నుండి చూడడమే. అందుచేత రంగులో కొంచెం తెలుపు కలుపుతారు. ఎంత అనేదానికి శాతాలు చెప్పేవారున్నారు. నేను వారిని నమ్మను, కన్నే చెప్పాలి.

కన్ను చెప్పేదీ అంత సుళువు కాదు. నాలుగు పచ్చలు పూసిన అట్టముక్కలతో మేము మాధవరం వెళ్ళాము. తాతగారికి కుడికంటి శుక్లం తీశారు, ఎడమకంటిది ఇంకా ఉన్నది. ముదిరిన శుక్లం లోకానికంతటికీ పసుపు పూస్తుంది. ఆయన ఒక కన్ను మూసి ఒక అట్ట ఏరారు. రెండవ కన్ను మూసి మరొకటి ఏరారు. ఆపైన నవ్వారు.

“రంగు ఎవరు చూశారండీ మాస్టారూ? మేము చూసింది బురద. పైదాకా బురదే. తడి మీద నలుపు, ఆరితే బూడిద. రాత్రి దాని మీదనే చెయ్యి వేసి పడుకునేవాళ్ళం.”

మనుమడు కదలక కూర్చున్నాడు. ఆ సాయంకాలం ఆయన గంటసేపు మాట్లాడారు. అందులో కొంత ఇక్కడ వ్రాయదగినది కాదు.

మరుసటి ఆదివారం కుర్రవాడు గౌతమీ గట్టున ఎండిన ఒండ్రు తెచ్చి, నూరి, పలుచని గుడ్డలో రెండుసార్లు జల్లించాడు. ఈ కొలతలో మిల్లీమీటరు ఇసుక రేణువు మూడున్నర సెంటీమీటర్ల రాయి అవుతుంది కదా! పలుచని జిగురుతో కలిపి గొలుసుపట్టీల మీద, పక్కల మీద అద్దాడు. క్రింది పచ్చ రెండు అట్టల నడిమిది. ఎర్రనక్షత్రాల కాగితం పెట్టెలోనే ఉండిపోయింది.

రంగు సరిపోయిందని తాతగారు ఇంతవరకు అనలేదు. ఎడమ పక్క బురద చాలలేదన్నారు.